కోళ్లు వాళ్లవి, రెట్ట మాది

ఆ ఇంటిని పంచిపెట్టడానికి వచ్చిన పెద్దమనుషులు ఒక పూట భోజనం చేసి, మూడు విడతలు కాఫీ తాగి, అన్నీ న్యాయంగానే పంచారు. నడవను మధ్యకు కోసి గోడ కట్టుకోమన్నారు. బావి ఉమ్మడి అన్నారు. పెరట్లో ఈ కొస నుంచి ఆ కొసకు మోకాటి ఎత్తున రాళ్లు పేర్పించి, తూర్పుపక్క అన్న నారాయణకు, పడమటిపక్క తమ్ముడు గంగాధరానికి అన్నారు. పెరట్లోని గుండుమల్లె పొద తమ్ముడి భాగంలో పడింది. అన్నకు అన్యాయం జరగకూడదు కదా, అందుకని ఇంట్లో ఉన్న ఆరు కోళ్లనూ, వాటిని మూసే గంపనూ అన్న భాగానికి వేశారు. మధ్యవర్తిగా కూర్చున్న శాంతయ్య ఇదంతా స్టాంపు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాయించాడు. కత్తిపీట ఎవరిది, రుబ్బురోలు ఎవరిది, విరిగిన ముక్కాలిపీట ఎవరిది అన్నది కూడా అందులో ఉంది. పెద్దకోడలి కోళ్లు చిన్నకోడలి మల్లెపొద కింద రెట్ట వేస్తే ఆ రెట్ట ఎవరి భాగమో మాత్రం లేదు. మూడు ఊళ్లకు తీర్పులు చెప్పే మనిషికి ఆ ఒక్క సంగతి తట్టలేదు.

అది తొంభైమూడో సంవత్సరం. పూతలపట్టు కూడలి నుంచి రెండు మైళ్లు లోపలికి పోతే వచ్చే ఊరు.

మర్నాడు పొద్దున చిన్నకోడలు యశోదమ్మ పెరటి తలుపు తీసేటప్పటికి ఆరు కోళ్లూ మల్లెపొద కింది చల్లటి మట్టిలో గుంతలు చేసుకొని, రెక్కలు విదిలించుకుంటూ, మహారాణుల్లాగా పడుకొని ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి అవి పడుకునే చోటు అదే. పంపకాల సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా స్టాంపు కాగితం మీద వాటి కాలిముద్ర తీసుకోలేదు కాబట్టి అవి ఒప్పుకోవలసిన పనీ లేదు.

గొడవ నిజానికి అన్నదమ్ములది. చేనిలో చెరకు వేద్దామని అన్న, మామిడి పెడదామని తమ్ముడు. మూడేళ్లు వాదించుకొని, ఆ మూడేళ్లూ చేనిని బీడు పెట్టి, చివరికి ఇల్లు పంచుకున్నారు. తోడికోడళ్ల మధ్య ఏ తగాదా లేదు. యశోదమ్మ పదిహేనేళ్ల వయసులో ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు జడ వేసిందీ, రాగిసంకటి కెలకడం నేర్పిందీ, కానుపుకు పుట్టింటికి పోనంటే పక్కలో కూర్చొని ఒప్పించిందీ పెద్దకోడలు వరలక్ష్మమ్మే. ఇరవయ్యారేళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నారు. పొయ్యిని పగలగొట్టి రెండు చేసే రోజున మాత్రం ఇద్దరూ చెరొక మూల నిలబడ్డారు. అక్క అడ్డుపడి ‘వద్దు’ అంటుందని యశోదమ్మ కాచుకుంది. యశోద ఏడ్చి గోల చేస్తుందని వరలక్ష్మమ్మ కాచుకుంది. ఆమె అడ్డుపడలేదు, ఈమె ఏడవలేదు. సరే, నీకు లేని బాధ నాకెందుకు అని ఇద్దరూ పలుకు మానేశారు. దీనికి పెద్దమనుషుల అవసరం కూడా పడలేదు.

యశోదమ్మకు విడిపోవడమంటే చిన్ననాటి నుంచీ భయం. బస్సెక్కిన చుట్టాన్ని కనుమరుగయ్యేదాకా చూస్తే ఆ చుట్టం మళ్లీ రాడని ఆమె నమ్మకం. అందుకని ఎవరు బయల్దేరినా తాను ముందే లోపలికి పోయి గిన్నెలు తోముతుంది. కూతురు ధరణిని చిత్తూరుకు, అత్తవారింటికి సాగనంపే రోజున పెళ్లి వంటకు తెచ్చిన అద్దె అండాలన్నీ తోమి తళతళలాడించింది. తెచ్చిన నాటికన్నా కొత్తగా ఉన్నాయని అండాలవాడు సంతోషించాడు. ఇల్లు పంచిన రోజున తోముదామంటే గిన్నెలు కూడా పంపకంలోనే ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున పూలు కోయబోయి వట్టి కాలితో రెట్ట తొక్కింది. కాలు మట్టికి రాస్తూ, పొద కింద ఉన్న తెల్లమచ్చల పెట్టను చూసి అంది.

“ఓసే బొల్లీ, మీ యింట్లో మీకు తావు లేదా? మీ యమ్మ పొద్దున్నే మిమ్మల్ని ఈడికే తోలతా ఉండాదా, దొడ్డికి?”

రాళ్లకు అవతల బూడిదతో పళ్లు తోముకుంటున్న వరలక్ష్మమ్మ ఉమ్మేసి, ఆకాశం కేసి చూసి, కోడికే జవాబు చెప్పింది.

“ఇటు రాయే బొల్లీ. మీరు ఆడనే పుట్టినారు, ఆడనే పెరిగినారు. ఆ తావు మీది కాదని కాయితంలో రాసినారంట. నీకు సదువు రాదు, నాకూ రాదు. సదువుకున్నోళ్లు సెప్తే ఇనాల.”

చదువుకున్నోళ్లు అన్నది యశోదమ్మను. ఆమె బడికి పోయింది లేదు. అంగడి నుంచి వచ్చిన పొట్లాం కాగితాలను చింపకుండా విప్పి, అక్షరానికి అక్షరం కూడబలుక్కొని తనకు తానే నేర్చుకుంది. ఉప్పు కట్టిన కాగితంలో ఏదైనా కథ ఉంటే సగంలో తెగిపోయేది. మిగతా సగం ఎవరింటికి పప్పు కట్టుకొని పోయిందో అని ఆమె దిగులు పడేది. ఆ రోజుల్లో ఆమె చదివి వినిపిస్తే తలకాయ ఊపుతూ వినే ఒకే ఒక్క మనిషి వరలక్ష్మమ్మ. ఆ సగం కథలకు ముగింపు కూడా ఆమే చెప్పేది, అందరినీ కలిపేసి.

అలా మొదలైంది. పలుకు లేని ఆడవాళ్లు కుక్కనో కోడినో అడ్డం పెట్టుకొని మాట్లాడుకోవడం ఆ ఊరికి కొత్త కాదు. కానీ ఇంత క్రమం తప్పకుండా, ఇంత కాలం సాగించిన వాళ్లు లేరు. పొద్దున పూలు కోసేటప్పుడు ఒకసారి, సాయంత్రం కోళ్లు మూసేటప్పుడు ఒకసారి. ఇంటి వార్తలన్నీ రెట్ట మీదుగానే అటూ ఇటూ పోయేవి. మీ యమ్మ రాత్రంతా దగ్గినట్టుండాది, మిరియాల కషాయం కాచుకోదా అని ఈమె బొల్లిని అడిగేది. ధరణికి ఆడబిడ్డ పుట్టిందంట కదే, ఎవరి పోలికో మాకు సెప్తే వాళ్ల సొమ్మేం పోతాది అని ఆమె బొల్లిని అడిగేది. ఏళ్లు గడిచాయి, కోళ్లు మారాయి. కొన్ని పండగలకు పోయాయి, కొన్ని పిల్లి నోట పడ్డాయి. బొల్లి పేరు మాత్రం పోలేదు. ఒకటి పోతే ఆ పేరు ఇంకో పెట్టకు పెట్టేవాళ్లు, దానికి మచ్చలున్నా లేకున్నా. ఇప్పుడున్న బొల్లి నిలువునా ఎర్రది.

తొంభైయెనిమిదిలో నారాయణ పోయినప్పుడు యశోదమ్మ రాళ్లు దాటింది. అక్కను పట్టుకొని కూర్చొని పది రోజులూ ఏడ్చింది. ఏడుపుకు పలుకు అక్కర్లేదు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. దినాలు కాగానే మళ్లీ రాళ్లు దాటి తన పక్కకు వచ్చేసి, మర్నాడు పొద్దున బొల్లితో మొదలుపెట్టింది.

రెట్ట బాధ మాత్రం నిజం. దాన్ని ఎవరూ కల్పించలేదు. ఎండాకాలంలో ఎండి పొడి లేస్తుంది, వానాకాలంలో జారి నడుము విరగ్గొడుతుంది. చలికాలంలో ఏం చేస్తుందంటే, ఊరికే కంపు కొడుతుంది. యశోదమ్మ ఒక కర్రకు కొబ్బరిచిప్ప కట్టి, రోజూ గీకి ఎత్తేది. గీకిన చోట బూడిద చల్లేది. గంగాధరం అరుగు మీద పేపరు చదువుకుంటూ ఉపాయాలు చెప్పేవాడు. పొద చుట్టూ ముళ్లకంప వేయమన్నాడు. కంప యశోదమ్మ చీరకు తగులుకుంది గానీ కోళ్లకు తగల్లేదు. చెడిపోయిన క్యాసెట్ల రీలు లాగి పొద చుట్టూ కడితే గాలికి తళతళమని మెరిసి కోళ్లు బెదిరిపోతాయని ఎక్కడో చదివాడు. ఒక పూటంతా కూర్చొని కట్టాడు. మర్నాడు కోళ్లు ఆ మెరుపుల కింద, పెళ్లి పందిట్లో ముత్తయిదువల్లాగా, వరసగా కూర్చున్నాయి. అలవాటు కావడానికి రోంత టైము పట్టాల అన్నాడు గంగాధరం. కోళ్లకా, నీకా అని అడిగింది యశోదమ్మ.

ఎత్తిన రెట్టను ఏం చేయాలి? ఎవరిది వాళ్లకు చేర్చడం ధర్మం. యశోదమ్మ రోజూ చిప్పెడు రెట్ట రాళ్లకు అవతల, వరలక్ష్మమ్మ సొరపాదు మొదట్లోకి విసిరేది. మొదటి ఏడాది పచ్చిరెట్ట వేడికి సొరపాదు మాడిపోయింది. కోడి రెట్ట వేడి చేస్తుందని తెలిసి వేసింది కాదు, కోపంతో వేసింది. ఆకులు పసుపు తిరిగి రాలుతూ ఉంటే యశోదమ్మకు రెండు రోజులు అన్నం దిగలేదు. వరలక్ష్మమ్మ మాత్రం రాళ్ల పక్కనే ఒక గుంత తవ్వి, పడిన రెట్టను పడినట్టు అందులోకి లాగి, ఆకులూ బూడిదా కలిపి, నీళ్లు చల్లి, మట్టి కప్పింది. మూడు నెలలు అట్లాగే మాగనిచ్చింది. నల్లగా, వాసన లేకుండా, టీపొడి మాదిరి తయారైన ఆ ఎరువు వేసేటప్పటికి మరుసటి ఏడు సొరకాయలు పందిరి మీద పట్టక రాళ్ల మీదికి వాలాయి. యశోదమ్మ కడుపు మండిపోయింది. రోజూ నడుము వంచి గీకేది తాను, కాయలు కోసుకునేది ఆమె.

ఇంత బలమైన సరుకును ఎదుటివాళ్లకు ఎందుకు విసరాలి అనుకొని, ఆ ఏడు చిప్పెడు రెట్టనూ పచ్చిగానే తన మల్లెపొద మొదట్లో వేసింది. పది రోజుల్లో మల్లె ఆకుల కొసలు కాలిన కాగితంలాగా అయ్యాయి. అత్తగారు నాటిన పొద అది. దాని పక్కన కూర్చొని ముక్కు చీదుకుంటూ ఉంటే అవతల నుంచి బొల్లికి ఉత్తరువు వచ్చింది.

“ఓసే బొల్లీ, పచ్చిది వేస్తే కాలిపోతాదని మీ సిన్నమ్మకు సెప్పు. పైన వేసిందంతా లాగేసి, నాలుగు రోజులు నిండా నీళ్లు పోయమను. మాగబెట్టేదానికి మూడు నెలలు పడతాది. ఆమెకు అంత ఓపిక యాడిది, ఇల్లు పంచేదానికే ఒక పూట పట్టలేదు.”

నీళ్లు పోసింది. పొద బతికింది. ఆ తరవాత రెట్ట మళ్లీ అవతలి గుంతలోకే పోయింది. వేసవిలో మాగిన ఎరువు రెండు గంపలు రాళ్ల మీద కనిపించేవి. ఎవరు పెట్టారో తెలియనట్టు ఈమె తీసుకునేది. కార్తీకంలో నాలుగు సొరకాయలూ అట్లాగే కనిపించేవి. తిరుచానూరులో పూలకొట్టు పెట్టుకున్న దూరపు చుట్టం ఒకడు వచ్చి, ఈ మొగ్గ మా అంగడిలో కూడా లేదమ్మా అని మెచ్చుకుంటే, అంతా కోళ్ల దయ అని యశోదమ్మ మూతి తిప్పింది.

ఇట్లా పదకొండేళ్లు.

వరలక్ష్మమ్మ కొడుకు చక్రధర్‌కు అప్పటిదాకా బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. మామిడి కాలంలో మూడు నెలలు ఒళ్లంతా గుజ్జు, మిగిలిన తొమ్మిది నెలలు అరుగు మీద ఈగలు. అతనికి రెండువేల నాలుగులో కొత్తగా వెలసిన ఒక కోళ్ల కంపెనీలో పని దొరికింది. పన్నెండు నెలలూ జీతం ఇచ్చే పని. లక్ష కోళ్లున్న కంపెనీ. లోపలికి పోవాలంటే స్నానం చేసి వాళ్లిచ్చిన బట్టలు కట్టుకోవాలి. తల్లి పొంగిపోయింది. తరతరాలుగా కోళ్లు సాకిన ఇల్లు కదా, ఆ పుణ్యమే వాడికి పని ఇప్పించింది అనుకుంది. నెల తిరక్కుండానే ఆ పుణ్యం కథ తేలింది. కంపెనీలో పని చేసేవాడి ఇంట్లో ఒక్క కోడి కూడా ఉండకూడదంట. ఊరి కోళ్ల నుంచి కంపెనీ కోళ్లకు రోగాలు వస్తాయంట. లక్ష కోళ్లు సాకాలంటే ఇంట్లో ఆరు కోళ్లు ఉండకూడదు. శుక్రవారం పొద్దున సూపర్‌వైజరు ఇల్లు చూడ్డానికి వస్తాడు. కోడి కనబడితే పని పోయినట్టే.

చక్రధర్ ఈ మాట తల్లికి సోమవారం చెప్పి, అట్నుంచి అటే రాళ్లు దాటి యశోదమ్మ దగ్గరికి వచ్చాడు, సంతోషపెడదామని.

“సిన్నమ్మా, నీ మల్లెపొదకు పట్టిన శని వదిలింది. గురువారం సాయంత్రం కోళ్లు కొనే లూనా ఆయప్ప వచ్చి ఆరింటినీ ఎత్తకపోతాడు. ఇంక నువ్వు సిప్ప పట్టే పని లేదు.”

“మంచిదేలే నాయనా,” అంది యశోదమ్మ. లోపలికి పోయి, పొద్దున తోమిన గిన్నెలన్నీ మళ్లీ తోమింది. గంగాధరం పేపరు దించి చూసి, ఎవరు పోతా ఉండారు ఈ పొద్దు అని అడిగాడు. ఎవరూ లేరు అంది.

మంగళవారం పొద్దున పెరట్లోకి పోయి, కోడికి చెప్పవలసింది చెప్పింది. అవతల వరలక్ష్మమ్మ సొరపాదుకు నీళ్లు పోస్తూ ఉంది, పలకలేదు. సాయంత్రం యశోదమ్మ సొర పందిరి గురించి బొల్లిని ఒక పుల్లవిరుపు మాట అడిగింది. దానికీ జవాబు లేదు. పోయే కోళ్లతో మాటలెందుకని ఆమె అప్పుడే నోరు కట్టేసుకున్నట్టుంది. యశోదమ్మ పొద పక్కనే నిలబడి లెక్క వేసుకుంది. కోళ్లు పోతే రెట్ట పోతుంది, రెట్ట పోతే తిట్టు పోతుంది, తిట్టు పోతే అక్క పోతుంది. రాళ్లు మాత్రం మిగులుతాయి. ఊరికే పోయి పలకరించవచ్చు కదా అంటే, ఏమని? పదకొండేళ్ల తరవాత మొదటి మాట ఏది? ఆమె చదివిన ఏ పొట్లాం కాగితంలోనూ అది లేదు.

బుధవారం పొద్దున గొంతు సవరించుకొని బొల్లిని పిలిచింది.

“ఓసే బొల్లీ, మిమ్మల్ని ఎల్లగొట్టమని కంపెనీవోళ్లు కాయితం ఇచ్చినారంట కదా. అది సదివినవాళ్లెవురు? మీ అన్న పైపైన సూసి సెప్పుంటాడు. ఈడ సదివే మనిషి ఒకామె ఉండాదని మీ యమ్మ మరిసిపోయిండాది.”

మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వచ్చినప్పుడు రాళ్ల మీద ఒక కాగితం, ఎగిరిపోకుండా దాని మీద గులకరాయి ఉన్నాయి.

యశోదమ్మ దాన్ని తెచ్చి, దేవుని గూటి ముందు కూర్చొని, వేలు పెట్టి మూడుసార్లు చదివింది. కంపెనీ ఉద్యోగి గానీ, ఉద్యోగితో కలిసి ఒకే ఇంట కాపురముండే కుటుంబీకులు గానీ ఎటువంటి పక్షులనూ పెంచరాదు. మీరినవారిని తక్షణమే తొలగించడమైనది. తొలగించాక రాసినట్టు రాశారు మహానుభావులు. ఆమె వేలు మాత్రం ‘ఒకే ఇంట’ దగ్గర ఆగింది. కాసేపటికి లేచి, పెట్టె అడుగున పట్టుచీర కింద పడేసి మళ్లీ ముఖం చూడని స్టాంపు కాగితం బయటికి తీసింది. పంచిన నాటి నుంచి అదంటే ఆమెకు పాముబుస. దాన్నీ వేలు పెట్టి చదివింది. చివరి వరస దగ్గర కళ్లు మసకబారితే కొంగుతో తుడుచుకొని మళ్లీ చదివింది.

గురువారం పొద్దున కొబ్బరిచిప్ప ముట్టలేదు. పొద కింద ఎక్కడిది అక్కడే వదిలేసి, బొల్లితో గట్టిగా చెప్పింది.

“రేపు గంప ఎత్తుతానే ఈడికి వచ్చేయండి. మళ్లీ ఆ పక్కకు కాలు పెట్టినారంటే ఇరిసేస్తా. కోళ్లు ఎవురివని ఎవురన్నా అడిగితే మీ యమ్మను నోరు మూసుకొని గమ్మున ఉండమను. ఆమెకు గమ్మునుండేది బాగా వచ్చు కదా.”

ఆ సాయంత్రం లూనాకు రెండు పక్కలా గంపలు కట్టుకొని కోళ్ల వ్యాపారి వచ్చాడు. గోడకు చెవి ఆనించి నిలబడిన యశోదమ్మకు అక్క గొంతు వినిపించింది, నిదానంగా. “ఈడ కోళ్లు యాడివప్పా? నావి కావే. ఎవురో తప్పు సెప్పినారు నీకు.”

శుక్రవారం తొమ్మిదిన్నరకు సూపర్‌వైజరు జయరామ్ వచ్చాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు, బూట్లకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కున్నాడు. లక్ష కోళ్ల మధ్య తిరిగే మనిషి ఆరు కోళ్లకు జడిసి అడుగు చూసి అడుగు వేస్తున్నాడు. వెనక చక్రధర్, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా. జయరామ్ ఇల్లంతా చూసి పెరట్లోకి వచ్చాడు. సొరపాదు, బావి, రాళ్లు, రాళ్లకు అవతల మల్లెపొద. పొద కింద ఆరు కోళ్లు.

“ఇవి ఎవరివి?” అన్నాడు.

“నావి,” అంది యశోదమ్మ. పదకొండేళ్లలో ఆ కోళ్లను ఆమె అనని మాట అదొక్కటే.

జయరామ్ నమ్మలేదు. పక్కపక్కనే ఇళ్లు, మధ్యలో మోకాటి ఎత్తు రాళ్లు, అందరూ ఒకటే కదా అన్నాడు. యశోదమ్మ కొంగులోంచి స్టాంపు కాగితం తీసి చేతికిచ్చింది. అతను చదివి, మొదటి పేజీలోనే వేలు పెట్టాడు. ఆరు కోళ్లూ గంపా పెద్దాయన భాగం అని ఇక్కడే రాసి ఉంది కదమ్మా అన్నాడు. చక్రధర్ గోడ పట్టుకున్నాడు. శాంతయ్య గుండ్రటి అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి, కొంప ముంచడానికి.

“ఆ ఆరూ ఎప్పుడో పోయినాయి సారూ,” అంది యశోదమ్మ. “ఇవి వాటి మునిమనవరాండ్లు. ఇవి పుట్టింది ఈడ, పడుకునేది ఈడ. నమ్మకం లేకుంటే రెట్ట సూడండి. కోడి యాడ కాపురం ఉంటే రెట్ట ఆడ ఉంటాది. నా పక్క ఎంతుండాదో సూడండి, వాళ్ల పక్క ఒక్క బొట్టు ఉండాదేమో సూడండి.”

జయరామ్ చూశాడు. ఇటుపక్క రెండు రోజుల సరుకు, కాలు పెట్టడానికి సందు లేదు. అటుపక్క వరలక్ష్మమ్మ పేడనీళ్లు చల్లి ముగ్గు కూడా వేసింది. అతను వంగి, రాళ్ల పక్కనున్న గుంత మీది మట్టిని కర్రతో కదిపాడు.

“మరి ఇదేంది?”

“అది నేను ఇసిరింది. దినామూ ఇసురుతా.”

“వాళ్ల పక్కకా? ఎందుకు?”

అంతవరకూ గమ్మున ఉన్న వరలక్ష్మమ్మ అప్పుడు నోరు విప్పింది. “ఓర్వలేకనే సారూ. పదకొండేండ్లుగా నా సొరపాదు మిందనే ఇసురుతా ఉండాది. ఊర్లో ఎవుర్నైనా అడగండి.”

అది సాక్ష్యంగానే నిలబడింది. తన కోళ్ల రెట్టను తన పాదు మీద విసిరించుకునే మనిషి ఉండదు కదా. జయరామ్ కాగితం మడవబోతూ యశోదమ్మను చివరి ప్రశ్న అడిగాడు. రిజిస్టరులో రాసుకోవాలంట.

“అయితే మీకూ వీళ్లకూ ఏమవుతుంది?”

దానికి జవాబు స్టాంపు కాగితంలో ఆమె చదివిన ఆ చివరి వరసే. దాన్ని పైకి అనకుండానే పని జరిగితే బాగుండునని దేవుని గూటికి రాత్రంతా మొక్కుకుంది. అవతల వరలక్ష్మమ్మ ముగ్గు కేసి చూస్తూ ఉంది. పొయ్యిని పగలగొట్టిన రోజున కూడా ఈ మాట ఎవరూ అనలేదు. కాగితం ఒక్కటే అనింది.

“ఏమీ కాదు సారూ,” అంది. “ఏ సంబంధమూ లేదు. వాళ్లు వేరు, మేము వేరు.”

జయరామ్ రాసుకున్నాడు. చక్రధర్ గోడ వదిలాడు. వాళ్లిద్దరూ వీధిలోకి పోతూ ఉంటే యశోదమ్మ లోపలికి పోయి, ఒక ఇత్తడి చెంబు పట్టుకొని, తోమకుండా ఊరికే కూర్చుంది.

కోళ్లకు ఈ కొత్త పంపకం సంగతీ ఎవరూ చెప్పలేదు. పొద్దు వాలగానే ఆరూ వరసగా రాళ్లు ఎక్కి, అవతలికి దూకి, రోజూ గంప మూసే చోట నిలబడి గొణగసాగాయి. సంబంధం లేని ఇంట్లో కోడికి తెల్లవారితే చక్రధర్ పనికి మళ్లీ ముప్పు వస్తుంది. వరలక్ష్మమ్మ ఒకదాన్ని చంకన పెట్టుకొని రాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. విసిరితే కాళ్లు విరుగుతాయి, కాబట్టి చేతికే ఇవ్వాలి. యశోదమ్మ చేతులు చాచింది. ఒకటి, రెండు, మూడు. గంప అటుపక్క నుంచే రాళ్ల మీదికి వచ్చింది. నాలుగు, అయిదు.

ఆరోది బొల్లి. దానికి చేతులు మారడం ఇష్టం లేదు. ఇద్దరి మధ్యా రెక్కలు కొట్టుకొని, వరలక్ష్మమ్మ ముంజేతి మీద నుంచి యశోదమ్మ మోచేతి దాకా, పచ్చగా, వేడిగా, ధారాళంగా వేసింది. ఇద్దరూ కోడిని వదలకుండా అట్లాగే నిలబడ్డారు.

వరలక్ష్మమ్మ ఆకాశం కేసి చూసింది.

“ఏమే బొల్లీ, ఏ సంబంధమూ లేనివాళ్ల మింద ఇట్లా వేస్తే ఎట్లా? ఇప్పుడు ఇది ఎవురి భాగమో ఎవురు సెప్పాల?”

“కాయితంలో లేదులే అక్కా,” అంది యశోదమ్మ. “నేను సదివినా.”

వరలక్ష్మమ్మ తన కొంగు తీసి, ముందు యశోదమ్మ మోచేయి తుడిచింది. తరవాత, ఆ మాత్రం తుడుచుకోవడం చేతకాని మనుషులు కోళ్లు ఎట్లా సాకుతారో తానూ చూస్తానని, రేపు పొద్దున ముగ్గు మీద ఒక్క చుక్క పడినా చిప్పెత్తి మల్లెపొద మీదికే విసురుతానని, బొల్లికి గట్టిగా వినబడేటట్టు చెప్పింది.